దాచిన చోటు

మా అత్తయ్య భోజనం చేసిన సంగతి మర్చిపోయేది. చెప్పులు ఏ గదిలో విడిచిందో మర్చిపోయేది. కన్నకూతురు చనిపోయిందన్న సంగతి కూడా మర్చిపోయేది. కానీ ఆ చలికాలం మా పిచ్చుక నోటి నుంచి వచ్చిన ఒక్క మాట మాత్రం ఆవిడ మర్చిపోలేదు. క్రిస్మస్ దాకా నన్ను వణికించింది ఆ మాటే.

పిచ్చుక నా కూతురు. అప్పుడు రెండో తరగతి. పొద్దస్తమానం కిచకిచలాడుతుందని వాళ్లమ్మ పెట్టిన పేరు అది. అమ్మ పోయాక కిచకిచలు పోయాయి, పేరు మిగిలింది.

నా భార్య రైల్లో గార్డు. వారంలో సగం ఇంట్లో, సగం పట్టాల మీద. తను లేని ఇంటికి మేం ముగ్గురం అలవాటు పడినవాళ్లమే. అప్పట్లో తను లేదంటే వస్తోందని అర్థం. ఆ ఏడు వానలు వెనకబట్టే వేళకి, జ్వరమని తన కాళ్లమీద తనే నడిచి ఆసుపత్రికి వెళ్లింది. వెళ్తూ గుమ్మంలో ఆగి, "పిల్లకి జడ అమ్మచేత వేయించండి, మీరు వేస్తే చీపురులా ఉంటుంది" అంది. మళ్లీ ఆ గుమ్మం ఎక్కలేదు.

అత్తయ్యకి మతిమరుపు అప్పటికే మొదలైంది. కూతురు పోయాక అది బాగా ముదిరింది. "అమ్మాయి ఏది బాబూ?" అని అడిగేది. మొదట్లో నిజమే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆవిడ మొదటిసారి విన్నట్టే వినేది. చేయి చాచి గోడ కోసం వెతుక్కునేది. గోడ దొరికాక దాన్ని ఆనుకుని మెల్లగా కిందికి జారిపోయేది. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే గోడ. ఒక మనిషికి అదే చావుని ఎన్నిసార్లు చెప్పగలం? నా వల్ల కాలేదు. అడిగినప్పుడల్లా మాట మార్చడం, పని ఉన్నట్టు లేచిపోవడం నేర్చుకున్నాను.

మా ముందుగదే నా దుకాణం. కళ్లజోళ్లు చేస్తాను. గది పొడుగు చాలదు కాబట్టి అక్షరాల బోర్డు కుర్చీకి వెనక గోడ మీద ఉంటుంది, ఎదురుగా ఉన్న అద్దంలో చూసి చదవాలి. నా భార్య పోయాక ఆ పెద్ద అద్దం పక్కన చిన్న అద్దం ఒకటి ఏటవాలుగా బిగించాను. అందులో లోపలి గది కనిపిస్తుంది. లెన్సులు సరిచూస్తూనే అత్తయ్య ఎటు వెళ్తోందో, పిల్ల ఏం చేస్తోందో కనిపెట్టుకుని ఉండొచ్చు. ఉన్న ఇద్దరినైనా కంటికి కనపడేలా పెట్టుకోవాలన్నది నా ఆరాటం.

మంచు మొదలైన రోజుల్లో ఒక పొద్దున్న, మా వీధి చివరి దర్జీ మామయ్య వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. లెన్సులు మార్చి మార్చి చూసే బరువైన పరీక్ష ఫ్రేము ఆయన ముక్కు మీద పెట్టాను.

"కింద నుంచి రెండో వరుస చదవండి."

"చదువుతాను డాక్టరుగారూ, ముందు బోర్డు ఎక్కడుందో చెప్పండి."

"నేను డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?"

"ఇంజెక్షన్ వేయని డాక్టరు ఊళ్లో మీరొక్కరే. ఆ మర్యాద మీకివ్వకపోతే ఎలా?"

అప్పుడు లోపలి నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "బాబూ, అమ్మాయి ఇంకా రాలేదేం?"

నా చేతిలో లెన్సు అలాగే ఉండిపోయింది. దర్జీ మామయ్య తల దించుకున్నాడు. చిన్న అద్దంలో అత్తయ్య గది మధ్యలో నిలబడి ఉంది. "అడిగితే ఎవరూ మాట్లాడరేం? ఏమైనా అయిందా దానికి?" అంటోంది. ఆవిడ కుడిచేయి గాలిలోకి లేచింది. గోడ కోసం వెతుకుతోంది.

బడికి వెళ్లడానికి బూట్ల లేసులు కట్టుకుంటున్న పిచ్చుక తల ఎత్తకుండానే అంది: "ఏం కాలేదు అమ్మమ్మా. అమ్మ డ్యూటీలో ఉంది. క్రిస్మస్‌కి వస్తుంది."

అత్తయ్య చేయి ఆగింది.

"ఆ ముక్కేదో ముందే చెప్పొచ్చుగా" అంది. "క్రిస్మస్‌కేగా. అలాగైతే సరే."

పిచ్చుక సంచీ భుజాన వేసుకుని నా ముందు నుంచే బయటికి నడిచింది. నా మొహంలోకి చూడలేదు. పిల్ల అమ్మమ్మని ఊరుకోబెట్టడానికి అందనుకున్నాను. సాయంత్రానికి ఆవిడ ఎలాగూ మర్చిపోతుందనుకున్నాను.

మర్నాడు నిద్ర లేస్తూనే అత్తయ్య అడిగింది: "క్రిస్మస్ ఇంకా ఎన్నాళ్లుంది బాబూ?"

*

ఆ రోజు నుంచి మా ఇంట్లో పనులు మొదలయ్యాయి. అత్తయ్య కూతురి దుప్పట్లు ఎండలో వేసింది. దాని యూనిఫాం కోటుకి ఊడిపోయిన గుండీ కుట్టింది. చూపు ఆనక దారం ఎక్కించలేకపోతే పిచ్చుక ఎక్కించి ఇచ్చింది. మంచంలో గోడవైపు చోటు అమ్మాయిది, అటు ఎవరూ పడుకోవద్దని చెప్పింది. చాన్నాళ్ల తర్వాత ఆవిడ మొహంలో ఒక పని, ఒక ఎదురుచూపు. అది చూసి సంతోషించాల్సిన మనిషిని, చూసినప్పుడల్లా మొహం తిప్పుకుని దుకాణంలోకి వెళ్లిపోయేవాణ్ని. ఎంత ఎత్తుకి ఎక్కితే అంత ఎత్తు నుంచి పడాలి కదా.

అంతకంటే పెద్ద భయం పిచ్చుక. ఒకనాటి సాయంత్రం తలుపు గడియ వేయబోతుంటే నా చొక్కా పట్టుకుని లాగింది.

"నాన్నా, అమ్మ దగ్గర తాళంచెవి ఉందా?"

"ఎందుకే?"

"లేకపోతే గడియ వేయకు."

దాని కళ్లలోకి చూశాను. అందులో ఏముందో నాకు అంతుపట్టలేదు. రోజంతా ఊళ్లోవాళ్ల కళ్లు చూసే మనిషిని, నా పిల్ల కళ్లు చదవలేకపోయాను. "అమ్మ రాదురా" అనాలి. నోరు తెరిచాను కూడా. ఆ మాట బయటికి వచ్చి ఆ మొహం మీద పడితే ఏమవుతుందో చూసే ధైర్యం లేక, గడియ మీద నుంచి చేయి తీసేశాను. దగ్గరికి వేసిన తలుపు గాలికి కిర్రుమంటే నాకే ఒళ్లు జలదరించేది. దూరంగా రైలు కూత వినపడితే ముగ్గురం మాటలు ఆపేసేవాళ్లం. వాళ్లిద్దరి సంగతి సరే, నేనెందుకు ఆపేవాణ్నో నాకు తెలియదు.

ఒక ఆదివారం అత్తయ్య అటక మీది పెట్టె దింపమంది. కొయ్యతో చెక్కిన క్రిస్మస్ బొమ్మలు. పశువుల పాక, మరియమ్మ, యోసేపు, గొర్రెల కాపరులు, ఒక చెవి విరిగిన గాడిద. పిచ్చుక నేల మీద కూర్చుని ఒక్కొక్కదాన్నీ తుడిచి పాకలో నిలబెట్టింది. చివరికి తొట్టె పెట్టింది. తొట్టె ఖాళీ.

అది ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. మా ఇంట్లో పద్ధతి అంతే. పండగ అయిపోయి బొమ్మలు సర్దేటప్పుడు నా భార్య పసిబాబు బొమ్మని మాత్రం పెట్టెలో పెట్టేది కాదు. ఎక్కడో దాచేది. మళ్లీ క్రిస్మస్ పొద్దున్న మేం లేచేసరికి బాబు తొట్టెలో ఉండేవాడు. ఎక్కడ దాచావని ఎంత బతిమాలినా చెప్పేది కాదు. "ముందే తెలిస్తే ఇంక ఆయన రావడమేమిటి, తీసుకురావడం అవుతుంది కానీ" అనేది.

ఆ సంగతి ఆ ఖాళీ తొట్టె చూసేదాకా నాకు తట్టనే లేదు. బాబు ఎక్కడున్నాడో తెలిసిన మనిషి ఇంక లేదు.

"బాబు లేడే?" అన్నాను, గొంతు మామూలుగా ఉంచుకుంటూ.

"అమ్మ దగ్గరే ఉన్నాడు" అంది పిచ్చుక, గాడిదని సరిగ్గా నిలబెడుతూ. "అమ్మ వచ్చాక పెడుతుంది."

"పెట్టకేం చేస్తుందీ" అంది అత్తయ్య.

లేచి దుకాణంలోకి వెళ్లి ఊరికే కుర్చీలో కూర్చున్నాను. అద్దంలో అక్షరాలన్నీ పెద్దగా, స్పష్టంగా ఉన్నాయి. ఒక్కటీ చదవలేకపోయాను.

*

మర్నాటి నుంచి పిల్ల బడికి వెళ్లగానే, అత్తయ్య కునుకు తీయగానే ఇల్లంతా వెతకడం మొదలుపెట్టాను. తొట్టెలో బాబైనా ఉంటే ఆ పొద్దున్నకి ఏదో ఒక ఆసరా ఉంటుందని ఆశ. నా భార్య బీరువా, కుట్టుపని డబ్బా, వంటింటి అలమర, పుస్తకాల వెనక, మెత్తల గలీబుల్లో, చివరికి వాననీళ్ల గొట్టంలో కూడా చూశాను. అత్తయ్య ట్రంకుపెట్టె ఒక్కటే ముట్టలేదు. అత్తగారి పెట్టెలో అల్లుడు చేయి పెట్టడమేమిటని, ఆ ఆలోచనే నాకు రాలేదు.

బజారుకి వెళ్లి వేరే బాబుని కొందామని చూశాను. అన్నీ గులాబీరంగు బుగ్గలతో మెరిసిపోతున్నాయి. మా బాబు కొయ్యబాబు, ఏళ్లతరబడి చేతుల్లో నలిగి నల్లబడ్డాడు. పైగా ఎడమపాదం సగం లేదు. పళ్లు వచ్చే రోజుల్లో పిచ్చుక కొరికేసింది. తను కొరికిన కాలు పిల్లకి తెలియదా? ఖాళీ చేతులతో తిరిగొచ్చాను.

ఆ మధ్యలోనే డ్రైవరన్నయ్య వచ్చాడు. నా భార్య పనిచేసిన రైలుని నడిపేది ఆయనే. తనని చెల్లెమ్మా అని పిలిచేవాడు, ఆ లెక్కన నేను బావగారిని. స్టేషన్లో నా భార్య సామాన్ల అర ఖాళీ చేయించి, ఒక సంచీ తెచ్చాడు. బాబు అందులో ఉన్నాడేమోనని లాక్కుని విప్పాను. జెండాలు రెండు, ఈల, టిఫిన్ డబ్బా, చేతికి వేసుకునే ఉన్ని తొడుగులు. సంచీ బోర్లించి దులిపాను. బాబు లేడు.

"ఏం వెతుకుతున్నారు బావగారూ?"

చెప్పేలోపే అత్తయ్య వచ్చింది. యూనిఫాం చూసి ఆయన్ని గుర్తుపట్టింది.

"ఏమయ్యా, మా పిల్లకి సెలవివ్వరా మీరు? మీ రైలుకి అది తప్ప దిక్కు లేదా? అది జెండా ఊపకపోతే నువ్వు బండి కదిలించవా?"

అంత మనిషీ రెండు చేతులూ కట్టుకుని బడిపిల్లాడిలా నిలబడ్డాడు. "కదలదమ్మా" అన్నాడు. "చెల్లెమ్మ పచ్చజెండా ఊపకుండా ఒక్కసారి కదిలించి తిట్లు తిన్నాను."

"మరి క్రిస్మస్‌కైనా పంపుతారా?"

ఆయన నా వంక చూశాడు. నేను జెండా మడతలు చూస్తున్నాను. "ఏటా పండగ ముందురోజు మధ్యాహ్నం పాసింజరుకే కదమ్మా దిగేది" అన్నాడు చివరికి. అబద్ధం కాదు, నిజమూ కాదు. అత్తయ్య తృప్తిగా తల ఊపింది. తలుపు చాటున నిలబడి పిచ్చుక కూడా వింటోంది.

గుమ్మం దాటాక ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. "నా నోటితో కూడా అనిపించారు చూడండి. చెప్పేయండి బావగారూ. ఆ రోజు వచ్చేస్తుంది. ఆ రోజుని ఆపడానికి మన దగ్గర ఎర్రజెండా లేదు."

"చెప్తే మళ్లీ మొదటి నుంచీ చావే అన్నయ్యా ఆవిడకి."

"చెప్పకపోతే?"

ఆయన వెళ్లాక చూస్తే గుమ్మం పక్కన చిన్న కట్టెల మోపు. చలికని తెచ్చి, చెప్పకుండా అక్కడ పెట్టి వెళ్లాడు.

*

పండగ ముందురోజు మంచు పొద్దెక్కినా వీడలేదు. మధ్యాహ్నానికి కూడా ఎదురింటి కిటికీ కనపడలేదు. దర్జీ మామయ్య కొత్త కళ్లజోడు పండక్కి కావాలని పట్టుబట్టి కూర్చున్నాడు. ఒక లెన్సు కుదిరింది, రెండోది ఆయనకి కుదరలేదు. మళ్లీ పరీక్ష ఫ్రేము ముక్కు మీద పెట్టి, "మీరు అద్దంలో బోర్డు చూస్తూ ఉండండి, ఈలోగా దీని అంచు సరిచేస్తాను" అని లెన్సులు అరగదీసే సానరాయి తిప్పాను. నీళ్లు చుక్కచుక్కగా పడుతూ, మోటారు బుయ్యిమంటూ ఉంటే ఆ రాయి పక్కన నిలబడ్డవాడికి మరో చప్పుడు వినపడదు. వీపు కూడా అద్దాలవైపే ఉంటుంది.

రాయి ఆపేసరికి మామయ్య అంటున్నాడు: "...చివరి వరుస బాగానే ఉంది. ఇందాక ఈ పక్క చిన్న అద్దంలో మీ అత్తగారు కూడా బాగానే కనిపించారు. నల్లకోటు వేసుకుని, మనవరాలి చేయి పట్టుకుని ఎటో బయలుదేరారు. చర్చికేనా?"

లోపలికి పరిగెత్తాను. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. మంచు గదిలోకి వస్తోంది. అత్తయ్య ట్రంకుపెట్టె మూత ఎత్తి ఉంది. గది నిండా నాఫ్తలీన్ వాసన.

దూరంగా రైలు కూత వేసింది.

నేను వీధిలో ఎలా పరిగెత్తానో నాకు గుర్తులేదు. చేతులు ముందుకు చాపి పరిగెత్తాను. చాపిన చేతులే నాకు కనపడలేదు. మంచులో పట్టాలు ఎక్కడో, ప్లాట్‌ఫాం అంచు ఎక్కడో రోజూ తిరిగేవాళ్లకే తెలియదు. ఒక ముసలావిడ, ఒక పిల్ల. రైలు కనిపిస్తే ఆవిడ ఎదురెళ్తుంది. ఆవిడ లాగితే పిల్ల కూడా వెళ్తుంది. దేవుడా. ఒకరిని తీసుకున్నావు, ఈ ఇద్దరినీ వదిలెయ్. ఇంకేం అడగను. కాళ్లతో పాటు ఇదే పరిగెత్తింది లోపల.

ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసరికి ఇంజను దీపం మంచులో మసకగా, పెద్దగా ఉబ్బి వస్తోంది. పేర్లు పెట్టి అరిచాను. జవాబు లేదు. దీపం నన్ను దాటింది. పెట్టెలు ఒక్కొక్కటే దాటాయి. బ్రేకులు కీచుమన్నాయి. చివరి పెట్టె ఆగే చోటికి పరిగెత్తాను. గార్డు పెట్టె అక్కడే ఆగుతుంది. తను దిగేది అక్కడే.

అక్కడ, గోడకి దూరంగా ఉన్న ఇనపబెంచీ మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు.

అత్తయ్య ఒంటి మీద తన మంచి కోటు. క్రిస్మస్ ఆరాధనకి తప్ప ఎన్నడూ తీయదు. ఒక చేయి జేబులో, ఒక చేయి పిచ్చుక చేతుల్లో. పిచ్చుక రెండు చేతులతో ఆ చేతిని పట్టుకుని, రెండు కాళ్లూ బెంచీ కాళ్లకి మెలేసి కూర్చుంది. పడవకి లంగరు వేసినట్టు.

గార్డు పెట్టె తలుపు తెరుచుకుంది. ఎవరో కుర్రగార్డు దిగి, పచ్చజెండా చంకలో పెట్టుకుని, చేతులు నోటి దగ్గర పెట్టుకుని వెచ్చగా ఊదుకున్నాడు. అత్తయ్య అతన్ని చూసింది. అతని వెనక తెరిచి ఉన్న తలుపు చూసింది. అందులో ఎవరూ లేరు. కుర్రాడు ఈల వేసి, జెండా ఊపి, మళ్లీ ఎక్కాడు. రైలు వెళ్లిపోయింది.

"ఆ అబ్బాయి ఎవరు బాబూ?" నేను వచ్చిన సంగతి ఆవిడకి తెలిసినట్టే ఉంది.

"కొత్త గార్డు, అత్తయ్యా."

"మరి అమ్మాయి?"

చుట్టూ గోడ లేదు. వెళ్లి ఆవిడ పక్కన, ఆవిడ భుజానికి నా భుజం తగిలేలా కూర్చున్నాను.

"లేదు అత్తయ్యా. వానాకాలంలో పోయింది. జ్వరంతో."

ఆవిడ ఆ ఖాళీ పట్టాల వంక చూస్తూనే ఉంది. చూపు తిప్పకుండానే అడిగింది: "నేనున్నానా అక్కడ?"

"ఉన్నారు. మీ ఒళ్లోనే తల పెట్టుకుంది. మీరు దాని జడ విప్పి, దువ్వి, మళ్లీ వేశారు."

ఇన్నిసార్లు చెప్పినా ఈ సంగతి ఒక్కసారీ చెప్పలేదు. చెప్పేంతదాకా ఎప్పుడూ నిలవలేదు నేను.

"ఒంటరిగా పోలేదన్నమాట" అంది. అప్పుడు ఏడ్చింది. బరువంతా నా భుజం మీద వేసి, కిందికి జారకుండా, కూర్చునే ఏడ్చింది. ఆవిడ తల మీదుగా పిచ్చుకని చూశాను. నా భయమంతా ఇప్పుడు ఆ చిన్న మొహం మీద ఉంది.

"నాకు తెలుసు నాన్నా" అంది పిచ్చుక మెల్లగా. "అమ్మమ్మ స్టేషన్‌కి వెళ్తానంది. నిన్ను పిలిచాను, రాయి తిరుగుతోంది, నీకు వినపడలేదు. ఒక్కతే వస్తే పడిపోతుందని నేనూ వచ్చాను. రైలు ఆగేదాకా చేయి వదలలేదు."

"మరి గడియ వేయొద్దన్నావు?"

"అమ్మమ్మ అడగమంది."

"అమ్మ రాదని తెలిసీ నాతో ఒక్క ముక్క అనలేదేమే?"

పిల్ల నా మొహంలోకి చూసింది, చాలా రోజుల తర్వాత. "నువ్వు కూడా వస్తుందనుకుంటున్నావేమోనని. గడియ వేయలేదుగా నువ్వు."

దాన్ని కూడా నా పక్కకి లాక్కున్నాను. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ముగ్గురం ఒకరి కోసం ఒకరం భయపడుతూ, ఒకరికి కనపడకుండా ఒకరం బతికాం.

మంచులోంచి రొప్పుతూ ఎవరో వచ్చారు. దర్జీ మామయ్య. ముక్కు మీద నా పరీక్ష ఫ్రేము అలాగే ఉంది. ఒక కంటికి లెన్సు ఉంది, ఒక కంటికి లేదు.

"దొరికారా?" అన్నాడు స్తంభాన్ని చూసి. ఆ తర్వాత మావైపు తిరిగి, "ఆ, ఇక్కడున్నారా. లోకమంతా మసకే డాక్టరుగారూ. ఇది మంచో మీ లెన్సో నాకు తెలియట్లేదు. దారిలో ఎవరికో దండం కూడా పెట్టాను, తీరా చూస్తే పోస్టుడబ్బా."

పిచ్చుక ఫక్కున నవ్వింది. ఆ కిచకిచ విని ఎన్నాళ్లయిందో. ఏడుస్తున్న అత్తయ్య కూడా తల ఎత్తి, "ఆ మొహానికి తగిలించిందేమిటయ్యా?" అంది. కళ్లు తుడుచుకోవడానికి జేబులోంచి చేయి తీసింది. ఆ పిడికిట్లో ఏదో ఉంది.

"ఇదేదో ఇందాకట్నుంచీ నా చేతిలోనే ఉంది" అంటూ వేళ్లు విప్పింది. నల్లబడ్డ కొయ్యబాబు. ఎడమపాదం సగం లేదు.

అత్తయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కూతురు చనిపోయిందన్న మాట నిలవని ఆ బుర్రలో ఎక్కడో ఒక పాత దీపం వెలిగింది. "దొంగపిల్ల. నా చోటే వాడుకుంది" అంది. "దాని చిన్నప్పుడు నేనూ ఇందులోనే దాచేదాన్ని. పండక్కి తప్ప తీయని కోటు జేబులో ఎవరు చూస్తారు? ఎప్పుడు కనిపెట్టిందో, నాతో అననే లేదు."

పిచ్చుక చేయి చాపలేదు. అత్తయ్యే బాబుని దాని అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"రేపు పొద్దున్న నువ్వు పెట్టాలి. మీ నాన్న లేవకముందే. తెలిసిందా?"

*

క్రిస్మస్ పొద్దున్న నాకు మెలకువ వస్తూనే మళ్లీ అదే గుబులు. రాత్రి ఆవిడ తలలోంచి అంతా తుడిచిపెట్టుకుపోయి ఉంటుంది. అడుగుతుంది.

లేచి వెళ్లాను. బాబు తొట్టెలో ఉన్నాడు. గాడిద విరిగిన చెవిని బాబువైపు తిప్పి ఉంది. పిచ్చుక దొంగనిద్ర పోతోంది, రెప్పలు కదులుతున్నాయి.

అత్తయ్య వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. పాకలోకి చూసి నవ్వింది. తర్వాత కుర్చీలు చూసింది. "అమ్మాయి ఏది బాబూ?"

కప్పు బల్ల మీద పెట్టాను. ఈసారి తప్పించుకుని పోలేదు. ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పాను. పోయిందని చెప్పాను, మీ ఒళ్లోనే పోయిందని చెప్పాను. జడ సంగతి పిచ్చుక చెప్పింది, నా కంటే బాగా చెప్పింది. అత్తయ్య ఏడ్చింది. మేమూ ఏడ్చాం. అది అయ్యాక ఆవిడ పిచ్చుక తల మీద చేయి వేసి, "ఇదేం జడే, చీపురులా" అని విప్పి మళ్లీ వేసింది. ముగ్గురం చర్చికి వెళ్లాం. మంచు ఉంది. చేతులు పట్టుకునే నడిచాం. వెళ్లేముందు తలుపుకి తాళం వేశాను.

భయం ఆ రోజుతో పోయిందని చెప్పను. ఇప్పటికీ కూత వినపడితే నా చేయి ఆగుతుంది. అత్తయ్య ఇప్పటికీ అడుగుతుంది, మేం ఇప్పటికీ చెప్తాం. కానీ గోడ కోసం ఆ చేయి లేచేలోపు ఎవరో ఒకరం పక్కన ఉంటున్నాం.

పండగ వెళ్లాక బొమ్మలు సర్దుతుంటే తొట్టె ఖాళీగా ఉంది.

"బాబేడే?"

"దాచేశాను" అంది పిచ్చుక.

"ఎక్కడ?"

"చెప్పకూడదు."

నా మొహంలో ఏం కనిపించిందో, దగ్గరికొచ్చి నా భుజం తట్టింది. "భయపడకు నాన్నా. అమ్మలాగా ఎవరికీ చెప్పకుండా ఉంచలేదు. అమ్మమ్మకి చెప్పాను."

"అమ్మమ్మ మర్చిపోతుంది కదే."

"అందుకే రోజూ చెప్తున్నాను."

మర్నాడు దుకాణంలో ఎవరికో ఫ్రేము సరిచేస్తూ చిన్న అద్దంలోకి చూశాను. బడికి వెళ్తూ పిచ్చుక అమ్మమ్మ మెడ చుట్టూ చేతులేసి చెవిలో ఏదో చెప్తోంది. అత్తయ్య కళ్లు పెద్దవయ్యాయి. చేత్తో నోరు మూసుకుని, చిన్నపిల్లలా భుజాలు ఎగరేసి నవ్వింది. మొదటిసారి విన్నట్టే.